ఒక లైను ఖాళీగా ఉంచండి

సింగిల్ లైను మీద, ఊరికి దూరంగా ఉన్న చిన్న స్టేషన్లో, రాత్రి రెండింటికి పాసింజరు ఆగిపోతుంది. కాసేపు ఎవరూ పట్టించుకోరు. క్రాసింగు పడిందంటాడు కింది బెర్తు పెద్దాయన, మళ్ళీ దుప్పటి ముసుగు తన్నేస్తాడు. గంట గడిచాక ఒకరిద్దరు దిగి ఇంజను దాకా నడుస్తారు. ఎప్పుడు కదులుతుందండీ అంటే లోకో పైలట్‌కీ తెలియదు. ఎదురుగా ఎర్ర సిగ్నలుంది, ఆయనకు తెలిసింది అదొక్కటే. పట్టా విరగలేదు. ఇంజను చెడలేదు. కరెంటు ఉంది. పట్టాల మీద ఎవరూ బైఠాయించలేదు. అయినా ముందు మూడు స్టేషన్లు, వెనక మూడు స్టేషన్ల మేర ఒక్క బండీ కదలడం లేదు. ప్రతి బండీ ఎదుటి బండి తప్పుకుంటే పోదామని చూస్తోంది, తప్పుకోవడానికి దేనికీ చోటు లేదు.

మేము దీన్ని పీటముడి అంటున్నాం. అది పడకుండా చూడాలని మొదలుపెడుతున్న ఉద్యమానికి ఇది తొలి కాగితం.

మేమంటే, ఏ బండి ఎప్పుడు కదలాలో ఆఫీసు నుంచి చెప్పే పని చేసి రిటైరైన సెక్షన్ కంట్రోలర్లం కొందరం. ఇంకా డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టర్లు ఉన్నారు, వాళ్ళ పేర్లు ఇక్కడ రాయం. లోకో పైలట్లున్నారు. గార్డులున్నారు, ఇప్పుడు ట్రైన్ మేనేజర్లనాలట. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే కుర్రవాళ్ళున్నారు. పండక్కీ పబ్బానికీ సొంతూరు వెళ్ళి తిరుగుబండిలో ఇరుక్కున్నవాళ్ళు అందరికన్నా ఎక్కువ. ఉద్యమానికి పేరింకా పెట్టలేదు. పేరు దగ్గరే మొదటి పీటముడి పడేలా ఉందని వాయిదా వేశాం.

మా మాట ఒక్కటే. పీటముడి పడటానికి దైవం కారణం కాదు, వాన కారణం కాదు. బళ్ళు ఆగిపోవడానికి గంట ముందో రెండు గంటల ముందో, ఎక్కడో ఒకచోట, చోటుంది కదా అని ఒక బండిని రానిస్తారు. ముడి పడేది అప్పుడే. కాబట్టి దాన్ని ఆపగలిగేదీ అప్పుడే.

కాగితం మీద చూపిస్తాం. వరసగా నాలుగు స్టేషన్లు గీయండి: క, చ, ట, త. నాలుగింటి మధ్యా ఒక్కటే పట్టా. ‘చ’లోనూ ‘ట’లోనూ రెండేసి లైన్లు, మెయిను ఒకటి, బండి పక్కకు తప్పుకునే లూపు ఒకటి. ‘చ’లో రెండు గూడ్సులు నిలబడి ఉన్నాయి, రెండూ ‘ట’ వైపు పోవాలి. ‘ట’లో ఒక గూడ్సుంది, అది ‘చ’ వైపు రావాలి. ‘ట’లో రెండో లైను ఖాళీ. ఇంతవరకు చిక్కేమీ లేదు. ‘చ’లోంచి ఒక గూడ్సును ఆ ఖాళీ లైనులోకి పంపితే ‘చ’లో ఒక లైను తెరపి అవుతుంది, ‘ట’లో ఉన్న గూడ్సు అందులోకి వస్తుంది, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి అన్నీ జారుకుంటాయి. ఇంతలో ‘త’ నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తానంటుంది. అదీ ‘చ’ వైపే. ఎక్స్‌ప్రెస్‌ను ఆపితే పైనుంచి ఫోన్లు మోగుతాయి. ‘ట’లో లైను ఖాళీగానే ఉంది కదా, రానిద్దాం అనుకుంటారు. నిబంధనల పుస్తకంలో దీన్ని తప్పనే వాక్యం ఒక్కటీ లేదు. రెండు స్టేషన్ల నడుమ బ్లాకు ఖాళీ, వచ్చి ఆగే లైను ఖాళీ. రావచ్చని లైన్ క్లియర్ ఇచ్చారు, సిగ్నల్ తీశారు, ఇరవై నిమిషాలకు ఎక్స్‌ప్రెస్ దర్జాగా వచ్చి ‘ట’లో ఆగింది.

ఇప్పుడు ‘చ’లో రెండు, ‘ట’లో రెండు. ఇటువి అటు పోవాలి, అటువి ఇటు రావాలి. ఏ బండికీ ముందు చోటు లేదు. ఇక వెనక్కి తొయ్యాలి. వెనక ‘క’లోకీ ‘త’లోకీ ఈ ఇరవై నిమిషాల్లో ఇంకో నాలుగు బళ్ళు చేరిపోయి ఉంటాయి, ఎందుకంటే అక్కడా లైన్లు ఖాళీగానే కనపడ్డాయి మరి.

మూడు బళ్ళతో కదిలే ఆట నాలుగో బండితో బిగుసుకుపోయింది. ఆ నాలుగోది చిన్నా చితకా బండి కూడా కాదు, అందరూ ముందు పోనివ్వండి అని తొందరపెట్టే బండి. పెద్దపీట వేసిన బండే పీటముడి వేస్తుంది. ముందు ‘చ’ గూడ్సును పంపి ఉంటే ఎక్స్‌ప్రెస్ ‘త’లో ముప్పావుగంటో గంటో ఆగేది. ఆపకుండా రానిచ్చినందుకు తెల్లవారేదాకా ఆగింది.

ఈ కాగితం రాస్తున్న నేను ఆ పని చేసినవాణ్ని. ఏ సెక్షనో, ఏ ఏడో చెప్పను. కంట్రోలు ఆఫీసులో నైట్ డ్యూటీ. బల్ల మీద చార్టు పరిచి ఉంటుంది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్ల పేర్లు, బండి నడిచినకొద్దీ ఏటవాలు గీత. ఎదురెదురు బళ్ళ గీతలు స్టేషను గీత మీదే కలవాలి, రెండు స్టేషన్ల నడుమ కలిస్తే కొంపలు మునిగినట్టు. ఆ రాత్రి నా గీతలన్నీ స్టేషన్ల మీదే కలిశాయి. చూడ్డానికి ముగ్గులా ఉంది. స్టేషన్ మాస్టరుకు ఫోన్ చేశాను.

“మాస్టారూ, ఎక్స్‌ప్రెస్‌కి లైన్ క్లియర్ ఇచ్చెయ్యండి.”

“సార్, నా దగ్గరున్నది ఒక్క లైను. అది దీనికిచ్చేస్తే అవతలి గూడ్సుల్ని ఎక్కడ పెట్టుకోను?”

“ముందు దాన్ని రానివ్వండి, తర్వాత చూద్దాం.”

ఫోనులో కాసేపు మాట లేదు. ఆయన వెనక గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినిపించింది. “సరే సార్, మీరు చెప్పారని రాసుకుంటున్నా.”

నాకు పద్నాలుగు స్టేషన్లు కనపడుతున్నాయి, ఆయనకు రెండు లైన్లే కనపడుతున్నాయి. అయినా ఆయనకే ముందు తెలిసింది. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది విప్పడానికి. యాభై ఎనిమిది వ్యాగన్ల గూడ్సును వెనక స్టేషనుకు తోయించాం. బ్రేకువ్యాను గుమ్మంలో గార్డు దీపం పట్టుకుని నిలబడితే, ఆ దీపం చూపు మేర మనిషి నడకతో వెనక్కి జరిగింది బండి. మర్నాడు సంజాయిషీలో “పాత్ దొరకలేదు” అని రాశాను. నేనే ముడి వేశానని రాసే గడి ఆ ఫారంలో లేదు. చార్టు మీద నేను ముందు చుక్కలుగా గీసుకున్న గీతలు రబ్బరుతో చెరిపేశాను. ఇప్పుడు పెన్సిలూ రబ్బరూ పోయాయి. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అదే క్రిస్, తయారుచేసిన కంట్రోల్ ఆఫీస్ అప్లికేషన్ వచ్చి చార్టు తెర మీదకెక్కింది. గీత దానంతటదే పడుతుంది. “రానిద్దామా” అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ మనిషిదే.

ఈ పీడ రైళ్ళకే సొంతం కాదు. 1960ల్లో ఒకే కంప్యూటరు మీద నాలుగైదు పనులు కలిపి నడపడం మొదలుపెట్టినప్పుడు ఆ పనులూ ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా కూర్చున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన డైక్‌స్ట్రా 1965లో రాసిన పాఠంలో దానికి ప్రాణం తీసే కౌగిలి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనకు ధృతరాష్ట్ర కౌగిలి ఉండనే ఉంది, కాకపోతే ఇందులో ఇద్దరూ ధృతరాష్ట్రులే. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షొషానీ అనే ముగ్గురు కలిసి, ఇలాంటి ముడి పడాలంటే నాలుగు సంగతులు ఒకేసారి జరగాలని తేల్చారు. వాటిని రైలు భాషలోకి తెచ్చుకుంటే మా ఉద్యమానికి పునాది దొరుకుతుంది.

ఒక లైను మీద ఒక్క బండే ఉండాలన్నది మొదటిది. దీన్ని మనం వదులుకోం, వదిలితే గుద్దుకుంటాయి. ఉన్న లైను వదలకుండానే తర్వాతి లైను కోసం ఎదురుచూడటం రెండోది. దీన్నీ తప్పించలేం. బండి ఎక్కడో ఒకచోట నిలబడాలిగా, గాలిలో నిలబడలేదు. ఒకరి చేతిలో ఉన్నదాన్ని బలవంతంగా లాక్కోలేకపోవడం మూడోది. కంప్యూటరులో అయితే మొండికేసిన పనిని చంపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నాలుగు వేల టన్నుల బొగ్గు బండిని చంపడం ఎలా? వెనక్కి తోయడమే, దానికెంత పడుతుందో పైన చెప్పాను. చిన్నప్పటి కథలో ఇరుకు వంతెన మీద ఎదురుపడ్డ మేకల్లో ఒకటి పడుకుంటే రెండోది దాని మీదుగా దాటిపోయింది. వ్యాగన్లకు ఆ సౌకర్యం లేదు. నాలుగోది వలయం. దీని చోటు అది, దాని చోటు ఇది కోరుకుంటూ గుండ్రంగా తిరిగిరావడం.

మొదటి మూడూ రైలు పుట్టుకలోనే ఉన్నాయి. మన చేతిలో ఉన్నది నాలుగోదొక్కటే. బండిని ఎప్పుడు, ఎక్కడికి, ఏ వరసలో రానిస్తామన్న దాన్ని బట్టే వలయం పడుతుంది, పడకుండా పోతుంది. మా ఉద్యమం మొత్తం ఈ నాలుగోదాని మీదే.

రెండు రైళ్ళు ఎదురుపడితే రెండూ ఆగాలని, ఎదుటిది వెళ్ళేదాకా ఏదీ కదలకూడదని అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఒక చట్టం చేసిందట, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకాల్లో చెప్పుకునే ముచ్చట ఇది. నిజమో కాదో గాని, బీటెక్ పిల్లలు దాన్ని చదివి నవ్వుకుంటారు. ఆ పేజీ తిప్పితే బ్యాంకర్స్ అల్గారిథమ్ వస్తుంది. సీఎస్‌ఈ చదివిన తెలుగు పిల్లల్లో దాని లెక్క పరీక్షలో చెయ్యనివాళ్ళు అరుదు. అదీ డైక్‌స్ట్రాదే. బ్యాంకువాడి దగ్గర డబ్బు కొంతే ఉంది. ఎవరు చివరికి ఎంత దాకా అడుగుతారో ముందే చెప్పి ఉంచారు. ఒకడు వచ్చి కొంత కావాలంటే, పెట్టెలో ఉంది కదా అని తీసి ఇవ్వడు. ఇచ్చాక మిగిలేదానితో కనీసం ఒకడి పని పూర్తవుతుందా, వాడు తీర్చేస్తే ఆ డబ్బుతో ఇంకొకడి పని అవుతుందా, అలా ఆఖరివాడి దాకా దారి ఉందా అని చూసుకుంటాడు. దారి కనపడితే ఇస్తాడు. కనపడకపోతే, పెట్టెలో డబ్బున్నా, కాస్త ఆగు నాయనా అంటాడు.

లైను ఖాళీగా ఉన్నా ఆగమనడం. ఆ రాత్రి మాస్టారు నాకు చెప్పబోయింది అదే. ఆయన ఏ డైక్‌స్ట్రానూ చదవలేదు.

హైదరాబాదులో మౌలాలిలో స్టేషన్ మాస్టర్లకు శిక్షణ ఇస్తారు. తార్నాకలో 1957 నుంచి ఇరిసెట్ ఉంది, సిగ్నలింగు అక్కడ నేర్పుతారు. మాదాపూర్లో ప్రపంచంలోని సరుకు బళ్ళకూ లారీలకూ ఓడలకూ దారులు కట్టే ప్రోగ్రాములు రాస్తారు. ఈ మూడింటి మధ్యా గంట ప్రయాణం. ఈ మూడు చోట్లవాళ్ళనూ ఒక బెంచీ మీద కూర్చోబెట్టాలన్నది మా మొదటి పని. అల్గారిథమ్ తెలిసినవాడికి లూపంటే ఏమిటో తెలియదు, లూపు తెలిసినవాడికి తనకు తోచింది లెక్కగా రాయొచ్చని తెలియదు.

కుర్రవాళ్ళ ఉత్సాహానికి ఇక్కడే కాస్త నీళ్ళు చల్లాలి. బ్యాంకువాడి లెక్కను ఉన్నదున్నట్టు రైలుకు తగిలిస్తే పనిచెయ్యదు. బ్యాంకు ఖాతాదారు డబ్బు ఏ నోట్లలో ఇచ్చినా తీసుకుంటాడు. రైలుకు ఫలానా లైను తర్వాత ఫలానా లైనే కావాలి, ఆ వరస మారదు, ముందున్న బండిని దూకి పోలేదు. ఈ వరస తెలిసి కూడా వాడుకోకపోతే లెక్క పిరికిదవుతుంది, పోనివ్వగల బండిని కూడా ఆపేస్తుంది. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యోర్న్ పాఖ్ల్ లాంటివాళ్ళు రైలు నమూనాల కోసం ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎన్ని లైన్లయినా, ఎన్ని బళ్ళయినా సరే ప్రతిసారీ చప్పున జవాబు చెప్పే సులువైన పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, దొరుకుతుందన్న ఆశా తక్కువే. కానీ మనకు ప్రపంచంలోని రైళ్ళన్నీ అక్కర్లేదు. ఒక కంట్రోలరు బల్ల మీద పది పదిహేను స్టేషన్లు, ఓ డజను బళ్ళు ఉంటాయి. ఆ మేరకు యంత్రం చెయ్యగల లెక్కే ఇది.

ముడి పడ్డాక కనిపెట్టడం గొప్ప కాదు. ఏ బండి దేని కోసం చూస్తోందో బాణాలు గీసుకుంటూ పోతే, బాణాలు తిరిగి మొదటికొస్తే ముడి ఉన్నట్టు. పదో తరగతి పిల్లాడు కూడా గీస్తాడు. అప్పటికి పాసింజర్లో పసిపిల్లల పాలు అయిపోయి ఉంటాయి. వలయం ఇంకా పూర్తికాకముందే, ఈ బండిని రానిస్తే ఇక ఏ వరసలో నడిపినా అన్నీ బయటపడే దారి ఉండదని చెప్పగలగాలి. మేమడిగేది ఆ హెచ్చరిక.

యంత్రం లేకపోయినా నడిచే సూత్రం ఒకటుంది. రెండు లైన్ల స్టేషన్లో ఒకే దిక్కుకు పోయే బళ్ళు రెండింటిని ఒకేసారి పెట్టకండి. ఒక లైను వచ్చేవాటికి, ఒకటి పోయేవాటికి అని మనసులో రాసిపెట్టుకోండి. అప్పుడు సింగిల్ లైను మీద కూడా స్టేషన్ల దగ్గర డబుల్ లైను ఉన్నట్టే. ఏ బండైనా తన ముందు అదే దిక్కుకు పోయే బండి కదలడం కోసమే చూస్తుంది, అన్నింటికన్నా ముందున్నదానికి ఎలాగూ దారి దొరుకుతుంది, వలయం పడే వీల్లేదు. ‘ట’లో ఆ ఖాళీ లైను ‘చ’ గూడ్సు కోసం ఉండాల్సింది. ఎక్స్‌ప్రెస్‌కిచ్చి నేను ఈ సూత్రం తప్పాను.

సూత్రానికి ఖరీదుంది, దాచం. అలా నడిపితే రెండు లైన్ల స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ గూడ్సును దాటి పోలేదు. దాటాలంటే రెండూ ఒకే దిక్కువై ఒకే స్టేషన్లో ఉండాలిగా. దాటింపులన్నీ మూడో లైను ఉన్న స్టేషన్లలోనే పెట్టుకోవాలి. అందుకని సింగిల్ లైను మీద ప్రతి మూడు నాలుగు స్టేషన్లకొకటి మూడు లైన్లతో ఉండాలని మేమడుగుతున్నాం. చూడ్డానికి ఇది చిన్న కోరిక. డబుల్ లైను శంకుస్థాపనకు వచ్చినట్టు ఒక లూపు శంకుస్థాపనకు ఎవరూ రారు, కొబ్బరికాయ ఎవరూ కొట్టరు.

లూపు ఉన్నంత మాత్రాన సరిపోదు, బండి అందులో పట్టాలి. మన దేశంలో లూపుకు చాలాకాలంగా నడుస్తున్న ప్రమాణం 686 మీటర్లు. బొగ్గు మోసే బాక్స్ఎన్ వ్యాగను పది మీటర్ల డెబ్భై సెంటీమీటర్ల చిల్లర. యాభై ఎనిమిది వ్యాగన్లు, ఇంజను, బ్రేకువ్యాను కలిపితే లూపులో ఒద్దికగా ఒదుగుతాయి. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్సులను ఒకటిగా కలిపి త్రిశూల్, గరుడ అనే పొడుగు బళ్ళు నడిపింది. త్రిశూల్ కొండపల్లి నుంచి ఖుర్దా వైపు, గరుడ రాయచూరు నుంచి మణుగూరుకు. త్రిశూల్లో 177 వ్యాగన్లు, అంటే పొడవు మైలుకు పైన, ఒకటిన్నర మైలుకు లోపు. నడిపినవాళ్ళ నేర్పుకు దణ్ణం పెట్టాలి. ఒకే దారిలో మూడు బళ్ళ చోట ఒక బండే పోతే దారి మిగులుతుంది, ఆ లెక్క సరైనదే. ఇదే పొడుగు బండి సింగిల్ లైను మీదకొస్తే సంగతి వేరు. చార్టు మీద లూపు ఉంటుంది, ఆ బండి వరకు లేనట్టే. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే పొట్టిదాన్ని లూపులో పెట్టి నెగ్గుకురావచ్చు. రెండు పొడుగువి ఎదురుపడితే దారిలో లూపులన్నీ ఖాళీగా ఉండి కూడా ముడి పడుతుంది. అందుకే ప్రతి బండి పొడవూ ప్రతి లూపు పొడవూ కంట్రోలరు తెర మీద పక్కపక్కన కనపడాలంటున్నాం.

కొత్తవలస–కిరండోల్ లైను చూడండి. బస్తర్ ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన లైను. 58 సొరంగాలు. శిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. దించుతున్నవి నిండు బళ్ళు, ఎక్కుతున్నవి ఖాళీవి. ఘాటులో దిగుతున్న నిండు బండిని ఎక్కడపడితే అక్కడ ఆపబుద్ధి కాదు, కాబట్టి చాలాసార్లు తప్పుకోవాల్సింది ఎదురు వచ్చేదే. అరకు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని అలా తప్పుకుని నిలబడ్డ సమయం చాలామందికి గుర్తుంటుంది. అక్కడ రెండో లైను పనులు నడుస్తున్నాయి. గుంటూరు–గుంతకల్ మధ్య 401 కిలోమీటర్లు డబ్లింగు చెయ్యడానికి 2016–17లో మంజూరైంది. ఇవన్నీ పూర్తి కావాలి, త్వరగా కావాలి. మేము డబ్లింగుకు అడ్డం కాదు. కానీ డబ్లింగు ముక్కలు ముక్కలుగా అవుతుంది. పూర్తయిన ముక్క వేగంగా బళ్ళను తెచ్చి మిగిలిన సింగిల్ ముక్క మొదట్లో కుమ్మరిస్తుంది. కాలువ వెడల్పు చేసి తూము పాతదే ఉంచినట్టు. ఆ నాలుగైదేళ్ళు ముడి ప్రమాదం మునుపటికన్నా ఎక్కువ.

డబుల్ లైన్లు, పెద్ద యార్డులు, డబ్బు ఉన్నవాళ్ళకూ ఇది తప్పలేదు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ కంపెనీ 1996లో సదరన్ పసిఫిక్‌ను కలిపేసుకుంది. 1997 ఎండాకాలానికి హ్యూస్టన్‌లోని ఇంగిల్‌వుడ్ యార్డు నిండిపోయింది. లోపలికి రానివ్వలేని బళ్ళను దారిలో సైడింగుల్లో నిలబెట్టారు. అక్కడ డ్రైవర్లకు పన్నెండు గంటలు దాటితే బండి నడపకూడదని చట్టం. గంటలు అయిపోయినవాళ్ళు దిగిపోయారు, బళ్ళు నిలబడిపోయాయి. సైడింగులు నిండాక, బళ్ళు ఒకదాన్నొకటి దాటే చోటు పోయింది. యార్డులో పుట్టిన ముడి అలా వందల మైళ్ళు పాకింది. ఆ ఏడు అక్టోబరు 31న ప్రభుత్వ రవాణా బోర్డు అత్యవసర ఉత్తర్వు ఇచ్చి, ఆ ప్రాంతపు సరుకులో కొంత ఇతర కంపెనీల బళ్ళకు అప్పగించాల్సివచ్చింది. చోటు ఎక్కడ నిండిందో అక్కడే తేల్చుకోకుండా దారిలోకి నెడితే ఏమవుతుందో చూడటానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మన దగ్గర ఇంజను కోసుకుపోయి లూపులో వదిలేసిన వ్యాగన్ల వరసలు (రేకులు), క్రూ దిగిపోయిన గూడ్సులు ఇదే పని నిశ్శబ్దంగా చేస్తున్నాయి. రేకు పెట్టిన లూపు లూపు కాదు, గోదాము.

కవచ్ వచ్చింది కదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. కవచ్ మన ఇంటి బిడ్డే. తొలి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనులో కూర్చుని ఉండగా ఎదురెదురుగా బళ్ళు నడిపి చూపించారు. అది బళ్ళు గుద్దుకోకుండా ఆపుతుంది. మా ‘చ’, ‘ట’ స్టేషన్లలో నాలుగు బళ్ళూ గుద్దుకోలేదు, క్షేమంగా, నిబంధనల ప్రకారం, తెల్లవార్లూ నిలబడ్డాయి. భద్రతకూ కదలికకూ వేర్వేరు కాపలా కావాలి.

ఇక మేము కోరేవి. స్టేషన్ మాస్టరు “లైను ఉంది, కానీ ఇవ్వను” అంటే ఆ మాట రికార్డు కావాలి. కంట్రోలరు దాన్ని కాదనొచ్చు. కాదన్నప్పుడు తన పేరు, టైము, కారణం వేసి కాదనాలి. మాస్టారు ఆ రాత్రి “మీరు చెప్పారని రాసుకుంటున్నా” అన్న మాటకు నాకు కోపమొచ్చింది. అది ఆయన హక్కని తెలియడానికి రిటైరు కావాల్సివచ్చింది.

బండికి లైన్ క్లియర్ ఇచ్చే ముందు యంత్రం ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది కదిలాక మిగతావన్నీ గమ్యం చేరే వరస కనీసం ఒకటి మిగులుతుందా? మిగలకపోతే ఎర్రగా చూపించాలి, ఏ నాలుగు బళ్ళ మధ్య ముడి పడబోతోందో పేరు పేరునా చెప్పాలి. ఊరికే “వద్దు” అనే యంత్రాన్ని రెండో రాత్రికే కంట్రోలరు నోరు మూయిస్తాడు, నేనైనా అదే చేసేవాణ్ని. ఆఖరి మాట మనిషిదే ఉండాలి. బళ్ళు మొరాయించినప్పుడు, ఏనుగులు దాటుతున్నప్పుడు, లోపల పురిటి నొప్పులు పడుతున్న మనిషి ఉన్నప్పుడు లెక్క తప్పినా రానివ్వాల్సిన బండి ఉంటుంది.

సరిహద్దు దాటించిన బళ్ళ లెక్కతోనే డివిజన్లను కొలవడం ఆపాలి. అర్ధరాత్రి పన్నెండు లోపు అవతలికి నెట్టేస్తే ఇవాళ్టి ఖాతాలో పడుతుంది, అవతలివాడి లూపులు నిండితే అది రేపటి వాడి తలనొప్పి. సరిహద్దు దాటిన బళ్ళను చెప్పే ఆ ఇంటర్‌ఛేంజి అంకె పక్కనే, క్రూ గంటలు అయిపోయి నిలిచిన బళ్ళెన్ని, రేకులతో నిండి మూతపడ్డ లూపులెన్ని అన్న రెండు అంకెలు కూడా రాయాలి. పీటముడికి రిజిస్టరులో సొంత గడి ఉండాలి. “పాత్ లేదు”, “ట్రాఫిక్” అన్న మాటల కింద అది దాక్కోకూడదు. పేరు లేని జబ్బుకు మందు వెతకరు.

దీనివల్ల బళ్ళు తగ్గవా అని లెక్కలవాళ్ళు అడుగుతారు. ఆపిన ప్రతి బండికీ లెక్క కనపడుతుంది, ముడిలో ఇరుక్కున్నవాటి లెక్క చెదిరిపోయి ఎక్కడెక్కడో పడుతుంది. రెండూ ఒకే కాగితం మీద రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. మా అంచనా తప్పని తేలితే ఒప్పుకుంటాం.

కంట్రోలరు అనే ఉద్యోగమే ఎదురుచూపులోంచి పుట్టింది. 1851లో అమెరికాలో ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ చార్లెస్ మైనాట్ ఎక్కిన బండి, ఎదురుబండి కోసం సింగిల్ లైను మీద ఎంతకీ కదలలేదు. ఆయన టెలిగ్రాఫ్ కొట్టి, ఎదురుబండిని ముందు స్టేషన్లో ఆపించి, పోనివ్వమన్నాడు. తంతి మాట నమ్మి బండి నడపనన్నాడు డ్రైవరు. మైనాట్ తనే ఇంజను ఎక్కి నడిపాడు. కంట్రోలరు కుర్చీకి అదే మొదలు. దూరంగా ఉన్నదాన్ని చూసి ఇక్కడ నిర్ణయించడం ఆ రోజు మొదలైంది. ఇప్పుడు కావలసింది దూరాన్ని మించిన చూపు, రెండు గంటల తర్వాత ఏమవుతుందో చూసే చూపు.

మొదటి సమావేశంలో ఉపన్యాసాలు ఉండవు. బల్లల మీద చార్టు కాగితాలు పరుస్తాం. ప్రతి బల్ల దగ్గర ఒక కంట్రోలరు, ఒక స్టేషన్ మాస్టరు, ఒక ప్రోగ్రామరు, ఒక ప్రయాణికుడు కూర్చుంటారు. తాను ఇరుక్కున్న రాత్రిని ఒక్కొక్కరు గుర్తున్నంత వరకు గీస్తారు: ఏ స్టేషన్లో ఎన్ని లైన్లు, ఏ బండి ఎప్పుడొచ్చింది. మిగతావాళ్ళు వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయి ముడి పడ్డ నిమిషాన్ని పట్టుకోవాలి. మొదటి చార్టు నాదే. ఆ మాస్టారికి ఫోన్ చేశాను, వస్తానన్నారు. ఆ రాత్రి ఆయన రాసుకున్న డైరీ ఇంకా దాచే ఉంచారట. పెన్సిళ్ళు మేమిస్తాం, రబ్బర్లు ఉండవు.